పనివాని మనసు – యజమాని ధర్మం

వ్యాపారం చేసే పెద్దలు నలుగురు ఒకచోట చేరితే తప్పక వినవచ్చే మాట ఒకటున్నది. "పనివాళ్ళు దొరకడం లేదు; దొరికినా నిలవడం లేదు; నిలిచినా మనసు పెట్టి చేయడం లేదు" అన్నదే ఆ మాట. కిరాణా దుకాణం నడిపేవారు, మరమగ్గాల కార్ఖానా పెట్టినవారు, మోటారు మెకానిక్ షెడ్డులోని ఉస్తాద్, ప్రైవేటు విద్యాసంస్థల నిర్వాహకులు – అందరిదీ ఒకటే ఆవేదన. ఈ ఆవేదన నిజమైనదే. మనసు లేని చేతులతో ఏ వ్యాపారమూ ఎక్కువ కాలం నడవదన్నది నిర్వివాదాంశం. కాని ఆ మాట చివర "ఈ కాలపు మనుషులే అంత" అని వారు చెప్పే తీర్పుతో మాత్రం మేము ఏకీభవించలేకపోతున్నాము.

కొత్తగా పనిలో చేరిన మనిషిని ఒక్కసారి గమనించండి. ఉతికిన బట్టలు కట్టుకొని, చెప్పిన వేళకంటే ముందే వస్తాడు. ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో అడిగి తెలుసుకుంటాడు. ఇంటికి పోయి తన యజమానిని గురించి నాలుగు మంచి మాటలు చెబుతాడు. అదే మనిషి ఆరునెలలు తిరిగేసరికి గడియారం వంక చూస్తూ కాలం గడుపుతాడు. ఈ ఆరునెలల్లో మారినది కాలమా, మనిషా, లేక అతడు పనిచేసే చోటా? ఉత్సాహాన్ని పనివాడు మొదటి రోజున తన వెంట తెచ్చుకొనే వస్తాడు. దానిని కొత్తగా పుట్టించే శ్రమ యజమానికి అక్కరలేదు. వచ్చిన దానిని చంపకుండా కాపాడుకోవడమే అతని మొదటి ధర్మం. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన విషయం ఇదొక్కటే.

నిన్నటి కార్మికుడే నేటి యజమాని

ఈ మాటను పరీక్షించి చూడడానికి దూరం పోనక్కరలేదు. మన మడికొండ చాలును. ప్రజాకవి కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరుగా మడికొండ సాహితీప్రియులకు సుపరిచితమే. నేడు అది మరమగ్గాల చప్పుడు వినిపించే ఊరు కూడా. ఉమ్మడి వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నేత కుటుంబాలు నిజాం కాలం నుంచీ బతుకుతెరువు కోసం షోలాపూర్, భీవండి, సూరత్ పట్టణాలకు వలసపోయిన సంగతి అందరికీ విదితమే. షోలాపూర్‌లో, భీవండిలో నేటికీ తెలుగు మాట వినిపించే వాడలకు వాడలే ఉన్నాయి. ఆ వలస పోయినవారిలో కొందరు తిరిగి వచ్చి, సహకార సంఘంగా ఏర్పడి, మడికొండ జౌళి పార్కులో సొంత మగ్గాలు పెట్టుకున్నారు. పరాయి ఊళ్ళో పరాయి మగ్గం ముందు నిలబడ్డ చేతులు సొంత ఊళ్ళో సొంత మగ్గాన్ని తిప్పడం గర్వించదగిన విషయం.

అయితే సొంత మగ్గాలు నాలుగు ఎనిమిది అయిన రోజున, వాటి ముందు నిలబడడానికి మరొకరు కావలసి వస్తుంది. ఆ క్షణంలోనే నిన్నటి కార్మికుడు యజమాని అవుతాడు. సేఠ్ కూలి ఎగ్గొట్టినప్పుడు కడుపు ఎలా మండుతుందో, పదిమందిలో తిట్టినప్పుడు మనసు ఎలా విరుగుతుందో, నూలు రాక మగ్గం ఆగినప్పుడు గంటలు ఎలా గడుస్తాయో, ఏ పుస్తకమూ చదవకుండానే అతనికి తెలుసు. పనివాని మనసును గురించి ఇంతకంటే గొప్ప విద్య ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. ఆ విద్యను అతడు గుర్తుంచుకుంటాడా, మరచిపోతాడా అన్నదే ప్రశ్న. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న" అని మన పెద్దలు ఊరికే అనలేదు. సిరిసిల్ల ప్రాంతంలోనూ నేత కార్మికుణ్ణి యజమానిని చేయాలనే పథకం తలపెట్టబడింది. మంచిదే. కాని యజమాని అయినవాడు తన కింది కార్మికుణ్ణి ఎలా చూడాలో చెప్పే పథకం ఎవరూ పెట్టలేరు. అది ఎవరికి వారు పెట్టుకోవలసినదే.

కూలి – లెక్క – మాట

ఉత్సాహాన్ని చంపే వాటిలో మొదటిది వేతనం. వేతనం తక్కువ కావడం ఒక బాధ. అది ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో తెలియకపోవడం అంతకంటే పెద్ద బాధ. నెలకు ఇంత అని ఒప్పుకొని పదిహేనో తేదీ వరకు "రేపు, ఎల్లుండి" అనే యజమాని, తన పనివానిని కిరాణా కొట్టు ముందు, ఇంటి అద్దె ముందు, పిల్లల ఫీజు ముందు దోషిగా నిలబెడుతున్నాడు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చిన్న కర్మాగారాలకు తరువాతి నెల 7వ తేదీని గడువుగా పెట్టింది. 2019 నాటి వేతనాల కోడ్ కూడా నెల జీతానికి ఆ 7 రోజుల గడువునే నిలిపింది. ఎనభై ఏళ్ళకు పైగా చట్టం ఆ ఒక్క తేదీని పట్టుకొని ఉండడానికి కారణం లేకపోలేదు. పేదవాని నెల ఆ తేదీ మీదనే ఆధారపడి నడుస్తుంది. శ్రామికుని కూలి ఆలస్యం చేయడాన్ని మన పెద్దలు పాపంగా ఎంచడంలోని మర్మమూ ఇదే.

వేతనంతో పాటు లెక్క కూడా తేటగా ఉండాలి. మరమగ్గం మీద కూలి సాధారణంగా నేసిన గుడ్డను బట్టి ఉంటుంది. కరెంటు పోయినా, బీము సమయానికి రాకపోయినా, మగ్గం చెడి మరమ్మతు చేసేవాడు రాకపోయినా మగ్గం ఆగుతుంది. ఆగిన మగ్గానికి కూలి లేదు. కాని మనిషి మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు. ఇందులో ఏ ఒక్కటీ అతని తప్పు కాదు. యజమాని నిర్లక్ష్యం వల్ల పోయిన గంటలకు కార్మికుడు జరిమానా కడుతున్నాడన్నమాట. రెండు వారాలు ఇలా జరిగితే మూడోవారం అతడు రాకపోవడంలో ఆశ్చర్యమేమున్నది? మగ్గం ఆగిన కాలానికి ఎంతో కొంత కట్టి ఇచ్చే యజమాని, నష్టపోతున్నాననుకోవచ్చు. నిజానికి అతడు తన నిర్లక్ష్యానికి తానే కళ్ళెం వేసుకుంటున్నాడు. ఆగిన మగ్గం తనకూ ఖర్చే అయినప్పుడు బీము సమయానికి తప్పక వస్తుంది.

పనివాళ్ళు నిలవకపోవడం మన దేశానికో, మన కాలానికో ప్రత్యేకమైన జబ్బు కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ మోటారు కర్మాగారంలో 1913వ సంవత్సరంలో పనివాళ్ళ రాకపోకలు 370 శాతానికి చేరాయి. సుమారు 14,000 మందితో నడిచే కర్మాగారంలో ఆ ఒక్క ఏడాదిలో 50,000 మందికి పైగా కొత్తవారిని చేర్చుకోవలసి వచ్చింది. చేరినవారు చేరినట్టే పోయారు. 1914 జనవరిలో ఫోర్డ్ రోజు కూలిని ఇంచుమించు రెట్టింపు చేసి ఐదు డాలర్లుగా, పని గంటలను ఎనిమిదిగా నిర్ణయించాడు. వెళ్ళిపోయేవారి సంఖ్య ఒక్కసారిగా తగ్గిపోయింది. ఇందులో యజమానులు నేర్చుకోవలసిన పాఠమున్నది. నేర్చుకోకూడని పాఠం కూడా ఉన్నది. కూలి పెంచిన ఫోర్డ్, ఆ కూలికి పనివాడు అర్హుడా కాదా అని తేల్చడానికి వారి ఇళ్ళకు తనిఖీదారులను పంపాడు. ఇల్లు శుభ్రంగా ఉన్నదా, తాగుతున్నారా అని వారు ఆరా తీసేవారు. చేతికి కూలి ఇచ్చినంత మాత్రాన ఇంట్లోకి తొంగిచూసే హక్కు ఎవరికీ రాదు. దాతనన్న భావం యజమానిలో ప్రవేశించిన చోట పనివాని ఆత్మగౌరవం బయటికి నడుస్తుంది.

పని ఎవరిది?

వేతనం సరిగ్గా ఇస్తే అంతా సరిపోతుందా? సరిపోదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఒక గ్రంథం ప్రచురించాడు. వేతనం, పనిచేసే పరిస్థితులు, పై అధికారుల తీరు సరిగా లేకపోతే మనిషి అసంతృప్తి చెందుతాడు. అవి సరిగా ఉంటే అసంతృప్తి పోతుంది, అంతే. పని మీద ప్రీతి కలగడానికి మాత్రం చేతిలోని పని, దానికి దక్కే గుర్తింపు, అప్పగించబడిన బాధ్యత కావాలి. ఇది ఆయన సిద్ధాంత సారాంశం. దీనిపై పండితులలో భేదాభిప్రాయాలు లేకపోలేదు. అయినా మగ్గాల షెడ్డులోనే జరిగిన ఒక ప్రయోగం ఈ మాటకు మన దేశంలోనే బలం చేకూర్చింది.

1952లో అహమ్మదాబాద్‌లోని కాలికో మిల్లులో కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. మగ్గాలు మంచివే. కాని గుడ్డ ఆశించినంత రాలేదు. వచ్చినదానిలో లోపాలు ఎక్కువ. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్ ఆ షెడ్డును పరిశీలించాడు. 224 మగ్గాల మీద 29 మంది పనిచేస్తున్నారు. వారి పని 12 రకాలుగా ముక్కలు చేయబడి ఉన్నది. పోగులు అతికేవాడు ఒకడు, కండెలు నింపేవాడు ఒకడు, నూనె వేసేవాడు ఒకడు, ఊడ్చేవాడు ఒకడు. ఎవడు ఏ మగ్గానికి చెందినవాడో తెలియదు. గుడ్డ చెడితే అది ఎవరి గుడ్డ? ఎవరిదీ కాదు.

అప్పుడు చేసిన మార్పు చాలా చిన్నది. ఏడుగురు ఒక జట్టు. ఆ జట్టుకు 64 మగ్గాలు. ఆ మగ్గాల మీద వచ్చే గుడ్డకు, మంచికీ చెడుకూ, ఆ ఏడుగురే బాధ్యులు. ఎవరు ఎవరితో కలిసి పనిచేయాలన్నది కార్మికులే నిర్ణయించుకున్నారు. ఆ ఆలోచన చెవిని పడగానే వారే ముందుకు వచ్చి జట్లు కట్టారు. తొలి వారాల తడబాటు తీరిన తరువాత మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 శాతానికి పెరిగింది. చెడిపోయే గుడ్డ 32 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. మగ్గాలు అవే, మనుషులూ వారే. "ఇది మా గుడ్డ" అని చెప్పుకొనే అవకాశం ఒక్కటే కొత్తగా వచ్చింది.

మన మడికొండలోని చిన్న కార్ఖానాకు ఈ పాఠం మరింత సులభంగా వర్తిస్తుంది. కండెలు చుట్టే స్త్రీకి తాను చుట్టిన నూలు ఏ గుడ్డ అయిందో, ఆ గుడ్డ ఏ ఊరి బజారుకు పోయిందో ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? మంచి గుడ్డ వచ్చిందని కొనుగోలుదారు మెచ్చుకుంటే ఆ మెప్పు షెడ్డు దాకా చేరిందా? లోపం వచ్చినప్పుడు మాత్రం తిట్లు క్షణంలో చేరతాయి. మెప్పు దారిలోనే ఆగిపోయి, తిట్లు మాత్రమే కిందికి దిగే చోట ఎవరు మనసు పెడతారు?

రేపటి ఆశ

మన వాడల్లోని మెకానిక్ షెడ్లలో, దర్జీ దుకాణాలలో, వడ్రంగి కార్ఖానాలలో ఉస్తాద్-షాగిర్ద్ సంప్రదాయం ఒకటున్నది. పానాలు అందించడంతో మొదలైన కుర్రవాడు క్రమక్రమంగా ఇంజను విప్పడం, బిగించడం నేర్చి, ఒకనాడు తానే ఉస్తాద్ అవుతాడు. అక్కడ దెబ్బలూ ఉండేవి, తిట్లూ ఉండేవి, చదువుకోవలసిన పసిపిల్లల చాకిరీ కూడా ఉండేది. వాటిని మేము సమర్థించడం లేదు. కాని అందులో ఒక వాగ్దానమున్నది: "ఇక్కడ నిలిస్తే నీకు విద్య వస్తుంది, రేపు నీ స్థితి నేటికంటే మెరుగవుతుంది." ఆ వాగ్దానం నిలబెట్టుకున్న ఉస్తాద్ పేరు ఆయన షాగిర్దులు జీవితాంతం చెప్పుకుంటారు. తన విద్యలోని కీలకాన్ని దాచుకొని, కుర్రవానిని పదేళ్ళూ పానాలు అందించడానికే వాడుకున్న ఉస్తాద్ వద్ద ఎవ్వరూ మిగలరు. పని నేర్పితే వెళ్ళిపోతాడని భయపడే యజమాని, పని రానివానితో చివరిదాకా కాలం వెళ్ళబుచ్చవలసి వస్తుంది.

రేపటి మీద భరోసా కల్పించడానికి జంషెడ్జీ టాటా నాగపూర్‌లో చూపిన మార్గం గమనింపదగినది. 1877 జనవరి 1న ప్రారంభమైన ఆయన ఎంప్రెస్ మిల్లులో తొలిరోజుల్లో కార్మికులు తరచూ పనికి ఎగనామం పెట్టేవారు. కొరడా పట్టుకొనే కాలమది. ఆయన మాత్రం శిక్షల జోలికి పోకుండా భవిష్యనిధి వంటి ఏర్పాట్లు చేశాడు. 1886లో పింఛను నిధి, 1895లో ప్రమాద పరిహారం అక్కడ అమలులోకి వచ్చాయి. చట్టం అడగకముందే చేసిన పనులివి. ముసలితనంలో దిక్కున్నదని తెలిసినవాడు నేటి పనిని నిశ్చింతగా చేస్తాడు.

రెండు సందేహాలు

ఇంతవరకు చదివిన వ్యాపారస్థులు ఒక ప్రశ్న వేయవచ్చు. "వరంగల్లు ఆజంజాహి మిల్లు మాటేమిటి? ఏడవ నిజాం కాలంలో 1934లో ప్రారంభమై, ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి, తరువాత జాతీయ జౌళి సంస్థ చేతిలోకి పోయి, చివరకు నష్టాలతో మూతపడలేదా? మనసు పెట్టే కార్మికులు అక్కడ లేరా?" ఉన్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. పనివాని ఉత్సాహం ఒక్కటే ఏ సంస్థనూ కాపాడలేదు. యంత్రాలను నవీకరించడం, సరుకుకు బజారు వెతకడం, అప్పులను అదుపులో ఉంచడం యజమాని పనులు. వాటిని వదిలేసి కార్మికుని ఉత్సాహం మీద భారం వేయడం, ఎద్దు మంచిదని బండి చక్రానికి శీల పెట్టకపోవడం వంటిది. సిరిసిల్ల మగ్గాలకు 2017 నుంచి కొన్నేళ్ళపాటు బతుకమ్మ చీరల ఆర్డర్లు పని కల్పించాయి. ఒక్క కొనుగోలుదారు మీదనే ఆధారపడిన పనికి ఆ కొనుగోలుదారు నిర్ణయమే ఆయుష్షు. అటువంటప్పుడు చేతిలో ఆర్డరు ఎన్ని నెలలకున్నదో కార్మికునికి ముందే చెప్పడం ధర్మం. నిజం చెప్పిన యజమానితో కష్టకాలంలో నిలిచేవారుంటారు. షట్టరు దించిన రోజునే సంగతి తెలిసినవారు మళ్ళీ ఎత్తిన రోజున రారు.

రెండవ సందేహం చిన్న యజమానులది. "మాకే మిగలనప్పుడు వాళ్ళకేమిస్తాం?" అని వారంటారు. ఈ మాటలో బాధ ఉన్నది. కాని మేము పైన చెప్పిన వాటిలో చాలావరకు డబ్బుతో పనిలేనివే. తేదీ తప్పకపోవడం, లెక్క చూపించడం, తప్పును ఏకాంతంలో చెప్పి మెప్పును పదిమందిలో చెప్పడం, పని నేర్పడం, ఉన్న నిజం చెప్పడం – ఇందులో ఏది డబ్బున్నవారికి మాత్రమే సాధ్యం? పెద్ద పెద్ద కంపెనీలు వినోదాలకు, వేడుకలకు, బహుమతులకు ఎంతో వెచ్చిస్తాయి. ఇదే మడికొండలో 2020 జనవరి 7న టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల ఐటీ కేంద్రాలు ప్రారంభించబడ్డాయి. మరమగ్గం ముందు నిలబడేవాడు, కంప్యూటరు ముందు కూర్చునేవాడు ఒకే ఊరికి వచ్చి పనిచేసే కాలమిది. ఇద్దరి జీతాల్లో ఎంతో తేడా ఉండవచ్చు. కాని తన పనికి విలువ ఉన్నదా, తన మాట వినేవారున్నారా, రేపు ఎలా ఉంటుంది అనే ప్రశ్నలు ఇద్దరివీ ఒకటే. వీటికి జవాబు లేని చోట వేడుకలు ఎన్ని చేసినా అవి ఒక పూట ముచ్చట మాత్రమే.

విద్యార్థులకు, పెద్దలకు

మన విద్యార్థులలో ఉద్యోగాలకు పోయేవారు ఎందరో, తండ్రుల దుకాణాలు, షెడ్లు, కార్ఖానాలు చేపట్టేవారూ అందరే ఉంటారు. గల్లా పెట్టె ముందు మొదటిసారి కూర్చున్న రోజున, ఆ దుకాణంలో తమకంటే ముందునుంచీ ఉన్న పనివానిని పేరు పెట్టి కాకుండా "భాయ్" అనో, "అన్నా" అనో, "చాచా" అనో పిలవండి. సరుకు సంగతి మీకంటే ఆయనకే ఎక్కువ తెలుసు, అడిగి తెలుసుకోండి. యజమాని కొడుకు తనను అడిగి నేర్చుకున్నాడన్న తృప్తి ఆయనకు ఏడాది బోనసుతో సమానం. అలాగని బోనసు ఎగ్గొట్టమని మా ఉద్దేశం కాదు. కనీస బోనసును 1965 చట్టం నిర్ణయించింది, 2019 వేతనాల కోడ్ కూడా 8.33 శాతం కనీస బోనసును నిలిపింది.

ఇక కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. విద్యాసంస్థ లాభాపేక్ష గల కార్ఖానా కాదని మాకు తెలుసు. ఎన్ని ఇబ్బందులకోర్చి, ఎందరి తలుపులు తట్టి ఇటువంటి సంస్థలను నడుపుతారో కూడా తెలుసు. అయినా వేతనమిచ్చే ప్రతిచోటా ఇచ్చేవారు యజమానులే, పుచ్చుకొనేవారు పనివారే. ప్రైవేటు కళాశాలల్లో ప్రతి జూన్‌లోనూ కొత్త ముఖాలు కనిపించడం మన రాష్ట్రంలో సర్వసాధారణమైపోయింది. పాఠం మధ్యలో ఉపాధ్యాయుడు మారితే నష్టపోయేది విద్యార్థి. ఏడాదికొక కొత్త అధ్యాపకునికి పిల్లల పేర్లు తెలిసేసరికే పరీక్షలు వస్తాయి. వేసవి నెలలకు జీతముంటుందో లేదో తెలియని అధ్యాపకుడు మార్చి నెలలోనే మరోచోటు వెతుక్కోవడం సహజం. జీతం పెంచడం సంఘానికి ఈ ఏడు సాధ్యం కాకపోవచ్చు. కాని వచ్చే ఏడు ఎవరెవరు కొనసాగుతారో మార్చిలోనే చెప్పడం, జీతానికొక తేదీ నిర్ణయించి దానికి కట్టుబడడం, గ్రంథాలయానికి ఏ పుస్తకాలు కొనాలో చదువు చెప్పేవారినే అడగడం సాధ్యమే. బోధకులతోపాటు అటెండరునూ, తోటమాలినీ, ఊడ్చే అమ్మనూ ఈ లెక్కలో చేర్చమని మా ప్రార్థన. కళాశాల ఆవరణలోకి అడుగుపెట్టే అతిథి మొదట చూసేది వారి పనినే.

మగ్గం మీద పడుగు ముందే సిద్ధంగా ఉంటుంది. పేక ఆడితేనే అది గుడ్డ అవుతుంది. యజమాని పెట్టుబడి పడుగైతే, పనివాని శ్రమ పేక. పడుగు ఎంత బిగువుగా లాగితే అంత మంచి గుడ్డ వస్తుందనుకోవడం పొరపాటని నేత తెలిసిన ఎవరైనా చెబుతారు. అతిగా లాగితే పోగులు తెగుతాయి. మడికొండలో నేడు సొంత మగ్గం తిప్పుతున్న మన సోదరులు, రేపు గల్లా పెట్టె ముందు కూర్చోబోయే మన విద్యార్థులు, సంస్థలను నడిపే మన పెద్దలు ఈ బిగువు ఎంత ఉండాలో తెలిసి మెలగాలని మా ఆకాంక్ష. ఈ నెల జీతం తేదీ తప్పకుండా ఇవ్వడంతో అది మొదలు కావచ్చు.